గూడబాతుల వీధిలోకి నడిచి రండి

ఏలూరులో మా బంధువుల ఇళ్ళల్లో నా ప్రస్తావన వస్తే ఇప్పుడు ఒక మాట వినబడుతోందట. పొగరు. పిల్ల చూడటానికి నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది గానీ, ఇంటికి వచ్చిన అతిథుల్ని వీధి మొదట్లోనే ఆపేసిందని చెప్పుకుంటున్నారట. ఆపిన మాట నిజమే. ఎందుకు ఆపానో మాత్రం ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు. కాగితం ముందు పెట్టుకుంటే వస్తుంది.

తాడేపల్లిగూడెం స్టేషనులో రైలు దిగి, కొల్లేటి దిక్కుగా బండి మీద రెండు గంటలు వస్తే కాలవ తగులుతుంది. కాలవ మీద వంతెన దాటగానే మా ఊరు. ఊరికి పడమటి వీధిలో తాడిచెట్లు ఎక్కువ. దీపావళి వానలు వెనకబట్టగానే ఆ చెట్ల మీదికి గూడబాతులు వస్తాయి. చేలకు నీళ్ళు తోడే గూడ లాంటి సంచి ముక్కు కింద వేలాడుతుంటుంది కాబట్టి వాటికా పేరు. వచ్చిన దగ్గర్నుంచి పుల్లలు మోస్తాయి, మట్టల మధ్య గూళ్ళు కడతాయి, గుడ్లు పెడతాయి. పొద్దున్నే బారులు తీరి కొల్లేటికి పోయి చేపలు మింగి వస్తాయి. మాఘమాసం వెళ్ళేదాకా ఆ వీధి వాటిదే.

వాటిది అంటే నిజంగా వాటిదే. ఆ వీధిలో దీపావళికి మతాబాలు, చిచ్చుబుడ్లు తప్ప టపాకాయలు కాల్చరు. పెళ్ళి ఊరేగింపు వస్తే మేళం వీధి మొదట్లో ఆగిపోతుంది. పల్లకీ చప్పుడు లేకుండా వీధి దాటాక, అవతలి మలుపులో సన్నాయి మళ్ళీ ఎత్తుకుంటారు. కల్లు గీసే ఆయన గూళ్ళున్న చెట్టు ఎక్కడు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్లకు ముంతలు కట్టడు, కమ్మలు కొట్టడు. ఇందులో భక్తి ఎంతో నాకు తెలియదు. చెట్ల కింద సున్నం చల్లినట్టు రెట్టలు పడతాయి. వేసవిలో ఆ మట్టి తవ్వి ఆకుమళ్ళకు తోలుకుంటారు. అవి మన చేలకు పెడుతున్నాయి, మనం వాటికి నాలుగు నెలలు నోరు మూసుకుని ఉండలేమా అన్నట్టుగా ఉంటుంది మా ఊరి తీరు. ఇలా ఉండాలని ఎవరూ ఎవరికీ చెప్పగా నేను వినలేదు. అందరూ అలా ఉండటం మాత్రం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను.

మా ఇల్లు ఆ వీధిలో మొదటిది. పెరటి వసారాలో కూర్చుంటే పదకొండు చెట్లు కనబడతాయి. ఏలూరు బళ్ళో చదువు ఆగిపోయి ఇంటికి వచ్చేశాక, నాకు పుస్తకాలు కాక ఇంకో వ్యాపకం అంటే ఆ చెట్లే. ఏ చెట్టు మీద ఎన్ని గూళ్ళు, ఏ రోజున ఏ గూట్లో పిల్ల తల ఎత్తింది, ఏ పక్షి ఎన్నింటికి తిరిగి వచ్చింది అన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఎవరికీ చూపించలేదు. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే తలుపు వెనక్కి పోయేదాన్ని. బళ్ళో పాఠం అప్పజెప్పమంటే అన్నీ వచ్చి కూడా గొంతు పెగలక బెంచీ ఎక్కి నిలబడ్డదాన్ని నేను.

మా అక్కను ఏలూరులో ఇచ్చారు. బావగారు అక్కడ ప్లీడరు. మంచి మాటకారి, పదిమందిని వెంటేసుకుని తిరగడం ఇష్టం. రెండేళ్ళ కిందట క్రిస్మసుకి కోర్టుకు సెలవులిచ్చినప్పుడు ఆరుగురు స్నేహితుల్ని తీసుకుని వచ్చారు. పక్షుల్ని చూపిస్తానని ఏలూరులో గొప్పగా చెప్పి తీసుకువచ్చారన్న మాట. రెండు బళ్ళు నేరుగా చెట్ల కిందికే వచ్చి ఆగాయి. ఫలహారాలూ అక్కడే, సోడాలూ అక్కడే.

ఆ మిట్టమధ్యాహ్నం వేళప్పుడు గూడబాతులు ఏం చేస్తాయి? పిల్లల మీద నీడ పట్టుకుని కదలకుండా కూర్చుంటాయి. పిల్లలకు ఇంకా ఈకలు రావు. ఎండ నేరుగా తగిలితే అరగంట ఓర్చుకోలేవు. అందుకని పెద్దవి రెక్కలు కాస్త విప్పి, గొంతు కింది సంచి ఆడిస్తూ, అలాగే ఉండిపోతాయి. చూడటం తెలిసినవాళ్ళకు అంతకంటే చూడవలసింది లేదు. వచ్చినవాళ్ళకు మాత్రం పావుగంటకే విసుగు పుట్టింది. అందులో ఒకాయన మా నాన్నగారిని చాలా మర్యాదగా అడిగారు.

"ఏవండీ, ఇవి ఎగరవా అండీ?"

ఈ ప్రశ్నకు మా వాళ్ళు సిగ్గుపడిపోయారు. ఇది మా గోదావరి వాళ్ళకే వచ్చే జబ్బేమో. ఇంటికి వచ్చినవాడు పప్పులో ఉప్పు తక్కువైందన్నా ఇంత బాధపడరు. అంత దూరం నుంచి బళ్ళు కట్టుకుని వస్తే, మా పక్షులు కదలకుండా కూర్చుని వాళ్ళకు మర్యాద చెయ్యలేదన్నట్టు అయిపోయింది. అల్లుడిగారి స్నేహితులు మరి. నాన్నగారు చెట్ల వంకా, అతిథుల వంకా మార్చి మార్చి చూశారు. బావగారు వసారాలో నన్ను చూసి, ఏదో ఒకటి చేసి లేపవోయ్ మరదలా, నా పరువు నీ చేతిలో ఉంది అన్నారు.

నేను లోపలికి వెళ్ళి ఇత్తడి పళ్ళెం, అట్లకాడ తెచ్చాను.

తెచ్చింది నేనే. కొట్టింది నేనే. ఎవరూ చెయ్యి పట్టుకుని కొట్టించలేదు. ఆ వీధిలో ఎవరూ ఏనాడూ చెయ్యని పని, అన్ని గూళ్ళ లెక్కా డైరీలో రాసుకున్నదాన్ని, నేను చేశాను. మొదటి దెబ్బకే పదకొండు చెట్లూ ఒక్కసారి లేచాయి. పెరడంతా నీడ కమ్మింది. రెక్కల గాలికి వసారాలో ఆరేసిన చీర కదిలింది. వచ్చినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆహా అన్నారు. ఒకాయన నన్ను చూసి, శభాషమ్మా అన్నారు. నా బతుకులో పదిమంది ముందు నేను చేసిన పనికి మెప్పు రావడం అదే మొదలు. అబద్ధం చెప్పను, ఎంతో సంతోషం కలిగింది. ఆగకుండా ఇంకా కొట్టాను.

ఆ తర్వాత కాకులు వచ్చాయి.

పెద్దవి తిరిగి వాలడానికి చాలాసేపు పట్టింది. అవి పైన గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి, కింద బళ్ళు, మనుషులు, చప్పట్లు. ఈలోగా కాకులకు పండగైంది. గూళ్ళల్లో గుడ్లు పోయాయి. కంగారుగా లేచిన రెక్కల తోపుకి పిల్లలు కొన్ని జారి కింద పడ్డాయి. ఫలహారాలు తిన్న విస్తళ్ళు చెట్ల కిందే వదిలేశారు కాబట్టి కుక్కలు అప్పటికే అక్కడ చేరి ఉన్నాయి. మిగతాది రాయను.

మా పక్కింటి మామ్మ ఒక్కతే ఉంటుంది. ఆవిడ దొడ్లో రెండు తాడిచెట్లున్నాయి. ఆవిడ ఒక చేటలో పడిపోయిన పిల్లల్ని ఏరుకుంటూ కనిపించింది. అతిథుల్ని ఏమీ అనలేదు. వాళ్ళు వెళ్ళిపోయేదాకా గుమ్మంలో నిలబడి, వెళ్ళొస్తామంటే మంచిదండీ అని దణ్ణం కూడా పెట్టింది. తర్వాత మా పెరట్లోకి వచ్చింది.

"నువ్వేనామ్మా కొట్టింది?"

నేను తల ఊపాను.

"ఆళ్ళకి తెలీదు. నీకు తెలుసు గదా."

అంతే అన్నది. ఆ చేట తీసుకుని దొడ్డి వైపు వెళ్ళిపోయింది. నన్ను ఎవరైనా కొట్టినా అంత గుర్తుండేది కాదు. ఆ రోజు డైరీలో తారీఖు వేసి ఒక్క ముక్క కూడా రాయలేకపోయాను. వారం తిరిగేసరికి మామ్మ దొడ్లో రెండు చెట్లూ ఖాళీ అయిపోయాయి. మా పెరటి వెనక ఇంకో మూడు కూడా. ఊళ్ళో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. బావగారిని అసలే అనలేదు. అల్లుడిని ఏమని అంటారు? ఆ సంవత్సరం గాలి మంచిది కాదని చెప్పుకున్నారు. గాలి కాదని అందరికీ తెలుసు.

మరుసటి ఏడు దీపావళి వెళ్ళింది, కార్తీకం సగమైంది, పక్షులు రాలేదు. రైతులు పొలం నుంచి వస్తూ చెట్ల వంక చూసి ఊరుకునేవారు. ఆకివీడు దగ్గర వేరే ఊరు పట్టాయని ఒకరు అన్నారు. ఇక మన వీధికి రావేమో అని కల్లు గీసే ఆయన మొదటిసారి ఆ మాట పైకి అన్నాడు. ముంతలు కట్టుకోవడానికి వీలు దొరికిందని సంతోషించవలసిన మనిషి, దిగాలుగా అన్నాడు. నాకు అన్నం సహించేది కాదు. కార్తీకం చివర్లో ఒకనాటి పొద్దున నాలుగు చెట్ల మీద వాలాయి. తర్వాత ఇంకో రెండింటి మీద. మొత్తం ఆరు. మామ్మ చెట్ల వైపు ఒక్కటీ పోలేదు.

ఆ ఆరు చెట్లూ నిలవాలి. ఇంకోసారి ఒక పళ్ళెం మోగితే ఇక మా వీధికి ఎన్నటికీ రావు. ఇది నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

అప్పుడు బావగారి కార్డు వచ్చింది. ఈసారి ఇరవై మంది వస్తారట. గ్రామఫోను తెస్తారట. ఒక స్నేహితుడికి తుపాకీ ఉంది, ఒక గూడబాతును కొట్టి, గడ్డి కూరి, హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకోవాలని ఆయన ముచ్చట. మరదలుగారు పళ్ళెం సిద్ధం చేసుకోవలసిందని చివర హాస్యంగా రాశారు.

నాన్నగారు ఊరి బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి మానేసిన మనిషి. కుడిచెయ్యి వణకడం మొదలైన దగ్గర్నుంచి ఉత్తరాలు నేనే రాస్తాను. ఆయన చెబుతారు, నేను రాస్తాను, అడుగున ఆయన సంతకం పెడతారు. కార్డు విని చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తుపాకీ మాట ఆయనకు నచ్చలేదు. నచ్చలేదని అల్లుడికి రాయడం ఆయన వల్ల కాదు. చివరికి, మీ రాక మాకు పరమానందం, అందరూ తప్పక దయచేయవలెను అని చెప్పారు. అలాగే రాశాను. సంతకం పెట్టి కార్డు నా చేతికిచ్చారు.

సంతకం కింద కాస్త చోటు మిగిలింది. వసారాలో కూర్చుని, చిన్న అక్షరాలతో ఇలా రాశాను. "బళ్ళు కాలవ గట్టు దగ్గర ఆపి నడిచి రావలెను. ఒక్కసారికి అయిదుగురు మించి వీధిలోకి రాకూడదు. గ్రామఫోను, తుపాకీ గట్టు దాటి రాకూడదు. భోజనాలు గట్టు మీదే చేసి, విస్తళ్ళు ఎత్తి మా పెంటగుంటలో వేయవలెను. చెట్లకు దూరంగా కూర్చుని మాట్లాడకుండా చూడవలెను. పళ్ళెం కొట్టబడదు. ఈ మాటలు నావి, నాన్నగారివి కావు." నా సంతకం కూడా పెట్టి, నేనే వెళ్ళి డబ్బాలో వేసి వచ్చాను.

నాన్నగారికి చెప్పలేదు. ఆయన సంతకం ఉన్న కార్డు మీద ఆయనకు తెలియకుండా రాయడం తప్పు. అది తప్పని రాసేటప్పుడే తెలుసు. ఇవాళ మళ్ళీ రాయవలసి వచ్చినా రాస్తాను.

వాళ్ళు ఒక మధ్యాహ్నం వచ్చారు. నాలుగు బళ్ళు. గట్టు దగ్గర ఆగలేదు. మా వీధి మొదట్లో, మా అరుగు ముందుకు వచ్చి ఆగాయి. ఇంకో పాతిక గజాలు పోతే మొదటి చెట్టు. బావగారు నవ్వుతూ దిగి, నాన్నగారికి నమస్కారం చేసి, కోటు జేబులోంచి ఆ కార్డు తీశారు. స్నేహితులందరినీ చుట్టూ పిలిచి, కోర్టులో చదివినట్టు గొంతు సవరించుకుని, నేను రాసిన ముక్కలన్నీ పైకి చదివారు. ప్రతి ముక్కకీ నవ్వులు. పళ్ళెం కొట్టబడదు అన్నచోట మరీను. ఆయనకు కోపం లేదప్పటికి. మరదలు పరాచికం ఆడిందనే అనుకున్నారు. అందుకే బళ్ళు ఆపలేదు.

నాన్నగారు ఆ మాటలు వినడం అదే మొదలు. ఆయన ముఖం నేను చూడలేకపోయాను. మెల్లగా అడిగారు.

"ఇది నీ రాతేనా అమ్మా?"

"అవునండి."

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

అమ్మ తలుపు చాటు నుంచి లోపలికి రమ్మని సైగ చేస్తోంది. అక్క బండిలోంచి దిగకుండా నన్నే చూస్తోంది. నేను లోపలికి పోతానని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ముందు బండివాడు ఎద్దుల్ని అదిలించాడు, చక్రం ఒక చుట్టు తిరిగింది. నేను అరుగు దిగి వెళ్ళి బండికి ఎదురుగా వీధి మధ్యలో కూర్చున్నాను. నిలబడదామంటే కాళ్ళు వణుకుతున్నాయి, అందుకని కూర్చున్నాను. ధైర్యం అనుకోకండి.

బావగారి నవ్వు ఇంకా పోలేదు. స్నేహితుల వైపు తిరిగి అన్నారు. "కల్లు దుకాణం ముందు పికెటింగు చూశాం గానీ, కొంగల కోసం పికెటింగు ఇదే చూడటం అండీ. లే మరదలా, చీర మాసిపోద్ది."

"లేవనండి."

"ఏంటీ?"

"లేవనండి బావగారూ. పోయినేడు పళ్ళెం కొట్టింది నేనే. కాకులు గుడ్లు తినేశాయి. కింద పడిన పిల్లల్ని కుక్కలు ఈడ్చుకుపోయాయి. పదకొండు చెట్ల మీద ఉండేవి, ఇప్పుడు ఆరే. అవీ పోతే మళ్ళీ రావు. నడిచి వచ్చి కూర్చుని చూస్తామంటే ఎన్ని రోజులైనా చూపిస్తాను. తుపాకీతో అయితే నా మీంచి పోనివ్వండి బండిని."

ఇంత పొడుగు మాట అంతకుముందు నేను ఎవరితోనూ అనలేదు. గొంతు కీచుగా వచ్చింది. ఒకరిద్దరు నవ్వబోయి మానుకున్నారు. తుపాకీ ఆయన బండిలోంచే, ఒక్కదానికి ఇంత గొడవా, కొల్లేటి నిండా పక్షులే కదా అన్నాడు. కొల్లేటి నిండా ఉన్నా, మా వీధిలో ఉన్నవి ఆరు చెట్లవే అన్నాను. తుపాకీ గుండు ఒక్క పక్షికే తగలవచ్చు గానీ, చప్పుడు అన్ని గూళ్ళకూ తగులుతుంది కదా.

బావగారి ముఖం మారింది. నన్ను వదిలేసి నాన్నగారి వైపు తిరిగారు. "ఏవండీ మామగారూ, అల్లుడికి మీ ఇంట్లో జరిగే మర్యాద ఇదేనాండీ?"

నాన్నగారు జన్మలో అల్లుడి మాటకు అడ్డు చెప్పలేదు. నేను తల ఎత్తలేదు. ఆయన లెమ్మంటే ఏం చెయ్యాలో అప్పటికి నేను తేల్చుకోలేదు. ఆ మాట కూడా ఒప్పుకుంటున్నాను.

"భోజనం సిద్ధంగా ఉందండి, లోపలికి దయచెయ్యండి" అన్నారు నాన్నగారు. "ఇక చెట్ల దగ్గరి సంగతి అంటారా, అది అమ్మాయికి తెలిసినట్టు నాకు తెలీదండి. అది చెప్పినట్టు వింటే మంచిది."

బావగారు భోజనానికి రాలేదు. గుమ్మం తొక్కలేదు. బళ్ళు అక్కడికక్కడే తిరగలేక వెనక్కి వెనక్కి పోయి వంతెన దగ్గర తిరిగాయి. అక్క ఆ బళ్ళలోనే వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు నా వైపు చూడలేదు. అమ్మ అప్పటికే ఇరవై మందికి వండించింది. ఆ వంటకం చూసి కూర్చుని ఏడ్చింది. ఇవన్నీ నా వల్లనే జరిగాయి, కాదనను.

నాలుగో బండిలోని నలుగురు మాత్రం వెళ్ళలేదు. అందులో ఒక ముసలి డాక్టరుగారు, ఆయన భార్య, ఇంకో ఇద్దరు. డాక్టరుగారు చెప్పులు చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చి, ఎక్కడ కూర్చోమంటావమ్మా అని అడిగారు. నాకు మాట మళ్ళీ పోయింది. చెయ్యి చూపించాను. ఈలోగా మామ్మ తన పశువుల పాకలో చాప పరిచి ఉంచింది.

"కూకోండి బాబూ. కదలకండేం. ఆయ్, గొడుగు ఇప్పకండమ్మా, బెదురుతాయ్. మనం లేమనుకున్నాక అయ్యే కనిపిత్తాయ్."

కూర్చున్నారు. మొదటి అరగంట ఏమీ జరగలేదు. డాక్టరుగారి భార్య రెట్టల వాసనకు ముక్కు మీద పైటకొంగు పెట్టుకుని, తర్వాత ఎప్పుడో మరిచిపోయి వదిలేసింది. ఎండ వాలుతుండగా కొల్లేటి వైపు నుంచి ఒకటి వచ్చింది. అంత పెద్ద పక్షి, మట్ట మీద వాలేటప్పుడు ఒక్క చప్పుడు లేదు. రెక్కలు ముడుచుకుని, మెడ వంచి, నోరు తెరిచింది. గూట్లో పిల్ల లేచి తల్లి నోట్లోకి తల పెట్టింది. తల కాదు, మెడ దాకా, భుజాల దాకా లోపలికి దూరిపోయింది. తల్లి గొంతులో పిల్ల తల అటూ ఇటూ కదలడం సంచి మీద నుంచి కనబడుతోంది. డాక్టరుగారి భార్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కొత్తవాళ్ళు ముట్టుకుంటే ముడుచుకుపోయేదాన్ని, అలాగే ఉండిపోయాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చీకటి పడబోయేదాకా ఎవరూ లేవలేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ నాకు మాత్రమే వినబడేటంత మెల్లగా, మనం చూశామని దానికి తెలియలేదు కదూ అని అడిగింది. తెలియలేదండి అన్నాను.

నాన్నగారు నాతో పది రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక ఉత్తరం రాయవలసి వచ్చి పిలిచారు. సంతకం పెట్టాక, అడుగున చోటంతా ఒక గీత గీసి కొట్టేసి ఇచ్చారు. అది నాకు జరగవలసిన శాస్తే. ఆ సంవత్సరం ఆరు చెట్ల మీది పిల్లలూ ఎగిరాయి. అన్నీ అని రాయలేను, లెక్కపెట్టినంతలో చాలా మట్టుకు. బావగారు అక్కను ఏడాది పొడుగునా పుట్టింటికి పంపలేదు. అక్క కోసం నేను బాధపడని రోజు లేదు. కానీ పడమటి వీధిలోకి తుపాకీ రానివ్వవలసిందని మాత్రం ఒక్క రోజూ అనిపించలేదు.

ఈ ఏడు మా వీధికి చాలామంది వచ్చారు. డాక్టరుగారి భార్య ఏలూరులో చెప్పిందట. దెందులూరు నుంచి ఒక బడి పంతులుగారు పిల్లల్ని తీసుకువచ్చారు. జంగారెడ్డిగూడెం నుంచి పొగాకు వ్యాపారం చేసే ఒకాయన కుటుంబంతో వచ్చారు. అందరూ నడిచే వచ్చారు. ముందు మామ్మ దొడ్లో రెండు ఖాళీ చెట్లు చూపిస్తాను. అవి ఎందుకు ఖాళీయో, పళ్ళెం ఎవరు కొట్టారో చెబుతాను. చెప్పడం ఇప్పటికీ కష్టమే. చెప్పాక ఇక ఎవరినీ ఊరుకోండి అనవలసిన పని ఉండటం లేదు. ఒకావిడ మాత్రం, ఇంత భయపడేటప్పుడు అసలు ఎవరినీ రానివ్వకపోతే సరి కదా అంది. నాకది ఇష్టం లేదు. చూడనివాళ్ళు వాటిని ఎందుకు కాపాడతారు? రావాలి. కూర్చోవాలి. తెచ్చుకున్న చెత్త తీసుకుపోవాలి. ఇది అంత కోరరాని కోరికా?

మొన్న సెలవులకు బావగారు వచ్చారు. చెప్పకుండా వచ్చారు. అక్క, ఆయన, ఒక్క బండి. స్నేహితులెవరూ లేరు. బండి వంతెన దాటి వీధి మొదట్లోకి వచ్చేదాకా నాకు వినబడనేలేదు. చూస్తే ఎద్దుల మెడల్లో మువ్వలు లేవు. విప్పించి సంచిలో వేయించారట. అది చూసి నాకు కళ్ళు చెమర్చాయి. అయినా అరుగు దిగి వెళ్ళి బండి ముందు నిలబడ్డాను. ఈసారి కాళ్ళు వణకలేదు.

"బండి గట్టు దగ్గర ఉండాలండి బావగారూ."

"మువ్వలు తీయించాను కదా. ఇంకా ఏంటి?"

"మువ్వలు తీయించినందుకు సంతోషమండి. బండి మాత్రం గట్టు దగ్గరే."

అక్క ముందుగా దిగిపోయి నా పక్కకు వచ్చి నిలబడింది. ఆయన కూడా దిగారు. మా వీధి ఇరుకు, బండి తిరగదు. ఎద్దుల్ని విప్పి, కాడి పైకెత్తి, బండిని చేతుల మీద తిప్పవలసి వచ్చింది. బండివాడొక్కడి వల్ల కాలేదు. బావగారు కోటు తీసి అక్క చేతికిచ్చి, వెళ్ళి రెండో చక్రం పట్టారు.